దొరకని ఒరిజినల్ పార్టులతో పాత మోటోక్రాస్ బండి రిస్టోరేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

1960ల చివరి నుంచి 1980ల మొదటి దాకా వచ్చిన టూ స్ట్రోక్ మోటోక్రాస్ బళ్లను బాగుచేసేవాళ్లు తిప్పి తిప్పి అవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే వాటిని పని జరిగే వరుసలో ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్ననైనా నేరుగా చదువుకోవచ్చు. కొలతలు ఎయిర్ కూల్డ్ టూ స్ట్రోక్ ఇంజిన్లకు సాధారణంగా వర్తించేవి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. మేం గట్టిగా నమ్మేది ఒకటుంది: దొరకని పార్టు కోసం వేట మొదలుపెట్టేముందు, మీ చేతిలో ఉన్న పాతదాన్నే నిలబెట్టగలరేమో చూడాలి.

## కొనేముందు

ఆగిపోయిన బండి కొనాలా, నడుస్తున్నదే కొనాలా?

నడుస్తుందా లేదా అన్నది తర్వాతి సంగతి. అన్ని భాగాలూ ఉన్నాయా లేదా అన్నది ముందు చూడండి. పిస్టన్, బేరింగులు, సీళ్లు, కనెక్టింగ్ రాడ్ కిట్ లాంటివి ఎలాగోలా దొరుకుతాయి. లేదంటే కొలతలు చూసి వేరే మోడల్‌వి సరిపెట్టవచ్చు. పెట్రోల్ ట్యాంకు, ఎయిర్ ఫిల్టర్ పెట్టె, సీటు బేసు, సైడ్ ప్యానెళ్లు, ఎక్స్‌పాన్షన్ చాంబర్ (మధ్యలో ఉబ్బి ఉండే ఎగ్జాస్ట్ గొట్టం), హబ్బులు, బ్రేక్ ప్లేట్లు, కిక్ రాడ్ అలా కాదు. ఒక్కొక్కదానికి ఏళ్లు పట్టవచ్చు. కాబట్టి ఇంజిన్ పట్టేసినా అన్నీ ఉన్న బండే మేలు. చూడ్డానికి వెళ్లేటప్పుడు ఆ మోడల్ పార్ట్స్ లిస్టులోని బొమ్మలు ప్రింటు తీసుకెళ్లండి. లేని భాగం మీద, వేరే మోడల్‌ది తగిలించిన భాగం మీద గీత కొట్టుకుంటూ పోండి. ఇంటికొచ్చి ఆ కాగితాలు చూశాకే బేరం మాట్లాడండి.

ఇంజిన్ నంబరు, ఫ్రేమ్ నంబరు కలవడం లేదు. వదిలేయమంటారా?

అక్కర్లేదు. చాలా కంపెనీల బళ్లలో ఈ రెండు నంబర్లు ఫ్యాక్టరీలోనే ఒకటిగా ఉండేవి కావు. రేసు సీజన్ మధ్యలో ఇంజిన్ మార్చేయడమూ మామూలే. రెండూ ఒకే మోడల్‌కు, ఒకే ఏడాదికి చెందినవేనా అన్నదే ముఖ్యం. భయపడాల్సింది అరగదీసిన నంబరును చూసి. చుట్టూ ఉన్న పోత గరుకుగా ఉండి నంబరు దగ్గర మాత్రమే నున్నగా ఉందంటే, అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నాయంటే ఆ బండి జోలికి పోవద్దు. ఇవి ట్రాక్ బళ్లు కాబట్టి రోడ్డు రిజిస్ట్రేషన్ లేకపోవడం మామూలే. అమ్మినవారి సంతకంతో, రెండు నంబర్లూ రాసిన రసీదు మాత్రం తప్పక తీసుకోండి.

నా బండి ఏ ఏడాదిదో ఎలా తేల్చాలి?

ఫ్రేమ్ నంబరే మొదటి ఆధారం. ఇన్ని చేతులు మారిన బండికి ట్యాంకు, రంగు, స్టిక్కర్లు సాక్ష్యం కావు. వెనక సస్పెన్షన్ చూస్తే మాత్రం కాలం ఇట్టే తెలుస్తుంది. వెనక ఒకే షాక్ అబ్జార్బర్ ఉండే పద్ధతులు ఏ కంపెనీలో ఎప్పుడొచ్చాయో చూడండి. యమహా వైజెడ్‌లో మోనోషాక్ 1975 నుంచి, కావాసాకి కేఎక్స్‌లో యూనిట్రాక్ 1980 నుంచి, హోండా సీఆర్‌లో ప్రోలింక్, సుజుకి ఆర్‌ఎమ్‌లో ఫుల్ ఫ్లోటర్ 1981 నుంచి వచ్చాయి. రెండు పక్కలా షాక్ అబ్జార్బర్లున్న జపాన్ బండి సాధారణంగా అంతకు ముందుదే.

పాత బళ్ల రేసుల్లో నడపాలనుంది. ముందే ఏం చూసుకోవాలి?

ఏ క్లాసులో దిగుతారో తేల్చుకున్నాకే పార్టులు కొనండి. ఉదాహరణకు అమెరికాలోని అహర్మా సంస్థ వింటేజ్ క్లాసుల్లో 1974 వరకు వచ్చిన బళ్లకే చోటు. సస్పెన్షన్ కదలిక ముందు 7 అంగుళాలు, వెనక 4 అంగుళాలు దాటకూడదు. 1977 నాటి పొడవైన ఫోర్కులు దొరికాయని 1973 ఫ్రేముకు తగిలిస్తే బండి ఆ క్లాసులోంచి బయటపడుతుంది.

## విప్పేటప్పుడు

విప్పడం ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

కడగడానికి ముందే ఫోటోలతో మొదలుపెట్టండి. కేబుళ్లు ఏ పక్క నుంచి వెళ్తున్నాయి, వాషర్ ఏ వైపు ఉంది, చైన్ గైడు ఎలా కూర్చుంది, ఇవన్నీ దగ్గరగా తీయండి. ఒక్కో విభాగం బోల్టులు ఒక్కో సంచిలో వేసి చీటీ పెట్టండి. విరిగిన రబ్బరు, చిరిగిన ప్యాకింగ్, సగం తుప్పు తినేసిన క్లిప్పు, ఏదీ పారేయొద్దు. కొత్తది చేయించాలంటే ఆ ముక్కే నమూనా. సీటు కింద, క్లాంపుల అడుగున, స్టీరింగ్ తల లోపల ఎండ తగలని ఒరిజినల్ రంగు మిగిలి ఉంటుంది. గోకే ముందే ఆ చోటు ఫోటో తీసి, రంగు సరిపోల్చుకోండి.

సైడ్ కవర్ స్క్రూలు తల అరిగిపోతున్నాయి. ఎందుకలా?

జపాన్ బళ్లలో ఉన్నవి ఫిలిప్స్ స్క్రూలు కావు, జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. చూడ్డానికి ఒకేలా ఉన్నా, ఫిలిప్స్ డ్రైవర్ మొన వాటి గాడిలో అడుగు దాకా దిగదు. కాస్త బలం పెట్టగానే పైకి జారి గాడిని తినేస్తుంది. జేఐఎస్ మొన పెట్టి, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. ముందు కవరును హీట్ గన్‌తో వేడి చేస్తే అల్యూమినియం వ్యాకోచించి పట్టు వదులుతుంది. తల పూర్తిగా పోయినా కంగారు పడొద్దు. తలను డ్రిల్లుతో తీసేస్తే కవరు ఊడుతుంది. మిగిలిన కాడను ప్లయర్‌తో పట్టి తిప్పవచ్చు.

పిస్టన్ పట్టేసి కిక్ రాడ్ కదలడం లేదు. ఏం చేయాలి?

కిక్ రాడ్ మీద ఎక్కి తొక్కొద్దు. కిక్ గేర్లు విరిగితే ఇంకో దొరకని పార్టు మీ జాబితాలో చేరుతుంది. హెడ్డు తీసి, సిలిండర్‌లో పిస్టన్ మీద ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్), అసిటోన్ సమపాళ్లలో కలిపి పోసి రోజుల తరబడి నాననివ్వండి. తగ్గినప్పుడల్లా మళ్లీ పోయండి. ఈ మిశ్రమం ఇట్టే అంటుకుంటుంది కాబట్టి మంట దగ్గరికి రానీయొద్దు. వేడి చేయాలనుకుంటే ముందు దాన్ని పూర్తిగా తుడిచి ఆరనిచ్చి, ఆ తర్వాతే సిలిండర్ బయటి రెక్కలకు హీట్ గన్ పెట్టాలి. పిస్టన్ నడినెత్తిన చెక్క ముక్క పెట్టి చిన్నగా తట్టండి. అంచు మీద కొడితే రింగు గాడి మూసుకుపోతుంది. పోర్టుల్లోంచి (సిలిండర్ గోడలో మిశ్రమం, పొగ వచ్చిపోయే కిటికీలు) రాడ్ దూర్చి పొడిస్తే పోర్టు అంచు చిట్లుతుంది. పిస్టన్ పోయినా పర్వాలేదు, సిలిండర్‌ను కాపాడుకోవాలి.

స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) ఇరుసు బోల్టు తుప్పుపట్టి బుష్షులో అతుక్కుపోయింది. ఎలా తీయాలి?

పాత మోటోక్రాస్ బళ్లలో అన్నింటికంటే మొండి పని ఇదే. సుత్తితో బాదితే బోల్టు చివర పుట్టగొడుగులా విచ్చుకుని ఇంకా బిగుసుకుంటుంది. నట్టును చివరి మరల దాకా తెచ్చి, దాని మీద దెబ్బ వేస్తూ, నడుమ నడుమ చొరబడే నూనె పోస్తూ కొన్ని రోజులు చూడండి. రాకపోతే ఫ్రేముకు, స్వింగార్ముకు మధ్య ఉన్న సందులో సన్నని రంపపు బ్లేడు దూర్చి బోల్టును రెండు పక్కలా కోసేయండి. బోల్టు, బుష్షు లేత్ మీద కొత్తవి చేయించవచ్చు. ఫ్రేము వంగితే మాత్రం దానికి మారు దొరకదు.

ఫ్లైవీల్ లాగడానికి మూడు కాళ్ల పుల్లర్ వాడొచ్చా?

వద్దు. అంచు పట్టి లాగితే ఫ్లైవీల్ వంగుతుంది, అయస్కాంతాలు ఊడతాయి. ఫ్లైవీల్ మధ్యలో పుల్లర్ కోసమే మర ఉంటుంది. దాని వ్యాసం, మర గీతల మధ్య దూరం కొలిచి సరైనది తెచ్చుకోండి. కొన్నింట్లో అది ఎడమ మర, అంటే మామూలుకు వ్యతిరేక దిశలో బిగిసేది. బిగించాక పుల్లర్ తల మీద సుత్తితో ఒక దెబ్బ వేస్తే, ఇంజిన్ ఇరుసు శంకు కొస (టేపర్) మీద దాని పట్టు వదులుతుంది.

## పార్టుల వేట

పార్ట్ నంబరును చదవడం ఎలా?

వేటలో సగం పని నంబరుతోనే అవుతుంది. హోండా నంబరు 5-3-3 అంకెలుగా ఉంటుంది. మొదటి ఐదు అది ఏ భాగమో చెబుతాయి, నడిమి మూడు అది ఏ మోడల్ కోసం తయారైందో చెబుతాయి. 13101 అంటే పిస్టన్, 357 అంటే 1973లో వచ్చిన సీఆర్250ఎమ్ ఎల్సినోర్. యమహాలో ముందు మోడల్ కోడ్, తర్వాత భాగం కోడ్. 11631 అంటే పిస్టన్. సుజుకిలో మొదటి ఐదు భాగానికి, తర్వాతి ఐదు మోడల్‌కు. కావాసాకిలో చివరి అంకెలు వరుస సంఖ్య మాత్రమే, వాటిలో మోడల్ కనిపించదు.

అసలు లాభం ఇక్కడుంది. మీ బండి పార్ట్స్ లిస్టు తెరిచి, మోడల్ కోడ్ మీది కాని నంబర్లన్నీ వేరుగా రాసుకోండి. ఆ భాగాలను కంపెనీ ఇంకో మోడల్ నుంచి తెచ్చి వాడింది. ఆ మోడల్ లక్షల్లో అమ్ముడైన రోడ్డు బండి అయితే మీ పంట పండినట్టే. లివర్లు, కిక్ స్ప్రింగు, గేర్ షిఫ్ట్ డ్రమ్ పిన్నులు, బేరింగులు తరచు ఇలా దొరుకుతాయి. ఎల్సినోర్ పేరు పెట్టి వెతికితే కనిపించనివి కూడా ఆ నంబరు పెట్టి వెతికితే కనిపిస్తాయి. పాత నంబరు రద్దయి కొత్త నంబరుగా మారి ఉండవచ్చు కాబట్టి, బదులు నంబర్ల జాబితా కూడా చూసుకోండి.

ఎన్‌ఓఎస్ అని రాసి ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చా?

ఎన్‌ఓఎస్ అంటే అప్పట్లోనే తయారై, వాడకుండా నిల్వ ఉన్న కొత్త పార్టు. లోహపు భాగాలకు, అంటే గేర్లు, లివర్లు, పిస్టన్లు, కవర్లకు అది వరమే. రబ్బరుకు మాత్రం శాపం. యాభై ఏళ్లు పెట్టెలో ఉన్న ఆయిల్ సీలు పెదవి గట్టిపడి ఉంటుంది, షాఫ్టును పట్టదు. ఫోర్క్ సీళ్లు, క్రాంక్ సీళ్లు, ఓ-రింగులు, పెట్రోల్ గొట్టాలు, టైర్లు ఎంత ఒరిజినలైనా ఇప్పుడు తయారైనవే వేయాలి. సీలు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అచ్చువేసి ఉంటాయి. ఆ మూడు అంకెలతో కొత్తవి దొరుకుతాయి. కండెన్సర్లు, పాత బ్రేక్ షూలు కూడా షోకేసుకే.

నకిలీని ఒరిజినల్ అని అమ్ముతున్నారేమోనని అనుమానం. ఎలా పట్టుకోవాలి?

పార్టు వెనక వైపు ఫోటో అడగండి. ప్లాస్టిక్ మడ్‌గార్డు అడుగున అచ్చు గుర్తులు, కంపెనీ ముద్ర ఎక్కడున్నాయో మీ విరిగిన పాతదానితో పోల్చండి. నకళ్లలో అంచులు మొద్దుగా, మందం ఎక్కువగా ఉంటాయి, బోల్టు రంధ్రాలు తర్వాత తొలిచినట్టు కనిపిస్తాయి. పెట్టె మీద చీటీని నమ్మొద్దు, ఖాళీ పెట్టెలూ అమ్ముడవుతాయి. అలాగని మంచి నకలు కొనడం తప్పేమీ కాదు. రేసు నడిపే బండికి కొత్త మడ్‌గార్డులే క్షేమం, పాతవి పెళుసెక్కి ఒక్క పడిపోవడంతో ముక్కలవుతాయి. నకలును నకలు అని చెప్పి అమ్మాలి, అంతే.

నా మోడల్ పిస్టన్ ఎక్కడా దొరకడం లేదు. వేరేది వేయొచ్చా?

వేయొచ్చు, కానీ బోరు సైజు ఒక్కటే చూసి వేస్తే మొదటికే మోసం వస్తుంది. వరుసగా ఇవన్నీ కలవాలి: పిన్ వ్యాసం, పిన్ మధ్య నుంచి పిస్టన్ నెత్తి అంచు దాకా ఎత్తు, స్కర్టు (పిస్టన్ కింది గోడ) పొడవు, స్కర్టులోని కిటికీల చోటు, నెత్తి వంపు, రింగు పెగ్గుల (రింగును తిరగకుండా ఆపే చిన్న పిన్నుల) చోటు. అన్నిటికంటే పెగ్గు ముఖ్యం. రింగు కొసలు పోర్టు కిటికీ మీదుగా పోతే కొస బయటికి లేచి పోర్టు అంచుకు తగిలి విరుగుతుంది, సిలిండర్‌ను గీసేస్తుంది. ఎత్తు అర మిల్లీమీటరు తేడా వచ్చినా పోర్టులు తెరుచుకునే వేళ మారిపోతుంది. పిస్టన్ తయారీదారులు కొలతల పట్టికలు ఇస్తారు. వాటిలో ముందు పిన్ వ్యాసం, ఎత్తు పట్టుకుని వెతకండి.

డోనర్ బండి (పార్టులు తీసుకోవడానికే కొనే రెండో బండి) కొనడం లాభమా?

ఐదారు పెద్ద భాగాలు లేనప్పుడు లాభమే. అదే ఏడాది, అదే మోడల్ అయ్యుండాలి. మీ పని పూర్తయి బండి నడిచేదాకా దాని భాగాలు ఏవీ అమ్మొద్దు.

## ఇంజిన్

క్రాంక్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇంజిన్ ఇరుసు) బాగానే తిరుగుతోంది. అయినా విప్పాలా?

ఏళ్ల తరబడి ఆగిపోయిన టూ స్ట్రోక్‌లో తేమ చేరేది కింది బేరింగు దగ్గరే. కనెక్టింగ్ రాడ్‌ను నిటారుగా పైకి లాగి, కిందికి నొక్కి చూడండి. పైకీ కిందికీ ఏమాత్రం టక్కు తగలకూడదు. పక్కలకు కాస్త ఆడటం సహజం, చాలా ఇంజిన్లలో 0.3 నుంచి 0.6 మి.మీ. వరకు. రాడ్ కిట్ దొరకకపోతే రెండు రంధ్రాల మధ్య దూరం, కింది పిన్ వ్యాసం, పొడవు, కింది తల వెడల్పు కొలిచి వేరే మోడల్ కిట్లతో పోల్చండి. ప్రెస్ మీద బిగించాక రెండు చివరలా డయల్ గేజ్ పెట్టి చూస్తే ఊపు 0.03 మి.మీ. లోపు ఉండాలి. అంతకు మించితే ఇంజిన్ అదరడమే కాదు, కొత్త బేరింగులు, సీళ్లు కూడా త్వరగా పోతాయి. ఈ పని అలవాటున్న మెషిన్ షాపుకే ఇవ్వండి.

బేరింగులు కేసులోకి సుత్తితో కొట్టి ఎక్కించొచ్చా?

కేసును ఓవెన్‌లో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వేడి చేసి, బేరింగును ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టండి. దానంతటదే జారి కూర్చుంటుంది. కొట్టి ఎక్కిస్తే గూడు వదులవుతుంది, ఆ తర్వాత బేరింగు గూట్లో తిరిగి కేసును తినేస్తుంది. క్రాంకుకు సాధారణంగా సీ3 క్లియరెన్స్ రకం (లోపల మామూలుకంటే కాస్త ఎక్కువ సందు ఉండేది) కావాలి.

బోరింగ్ చేయించేటప్పుడు ఏం చెప్పాలి?

ముందు సిలిండర్ లోపల ఇనుప లైనరు ఉందా, పూత ఉందా చూడండి. అయస్కాంతం పట్టి చూస్తే తెలిసిపోతుంది. ఇనుప లైనరైతే ఓవర్‌సైజ్ పిస్టన్ చేతికి వచ్చాకే సిలిండర్‌ను షాపుకు పంపండి. అంకె చెప్పి బోరు చేయించొద్దు, పిస్టన్ ఇచ్చి దానికి తగ్గట్టు చేయమనండి. 250 సీసీ ఎయిర్ కూల్డ్ ఇంజిన్లలో పోత పిస్టన్‌కు 0.05 నుంచి 0.08 మి.మీ. సందు మామూలు, ఫోర్జ్‌డ్ పిస్టన్‌కు ఇంకొంచెం ఎక్కువ ఇవ్వాలి. రింగు కొసల మధ్య సందు బోరులో ప్రతి 25 మి.మీ.కు 0.1 మి.మీ. చొప్పున లెక్కేస్తే, 70 మి.మీ. బోరుకు 0.28 వస్తుంది.

చాలామంది మరిచేది పోర్టు అంచుల సంగతి. బోరు చేశాక ప్రతి పోర్టు అంచూ కత్తిలా తయారవుతుంది. దాన్ని సన్నగా ఏటవాలు చేసి నునుపు చేయకపోతే కొత్త రింగులు మొదటి గంటలోనే చిట్లుతాయి. లైనరు చివరి సైజు దాటిపోతే కొత్త లైనరు దింపించవచ్చు. అప్పుడు పోర్టులు పాత లైనరు కొలతల ప్రకారమే కోయాలి, కాబట్టి పాత లైనరు పోర్టుల ముద్రను కాగితం మీద తీసి ఉంచండి.

ఇంజిన్ బిగించాక లీకులేవీ లేవని ఎలా నమ్మాలి?

గాలి నింపి పరీక్షించండి. ఇది చేయకుండా స్టార్ట్ చేయడం అంటే కొత్త పిస్టన్‌తో పందెం కాయడమే. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ రబ్బరు బిరడాలతో మూసి, చేతి పంపుతో 0.4 బార్, అంటే 6 పీఎస్‌ఐ, నింపండి. అంతకు మించి నింపితే సీళ్లు గూట్లోంచి బయటికి వస్తాయి. ఆరు నిమిషాల్లో పీడనం నిమిషానికి 1 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడకూడదు. పడితే సబ్బు నీళ్లు రాసి చూడండి. మ్యాగ్నెట్ వైపు సీలు, సిలిండర్ అడుగు ప్యాకింగ్, కేసు రెండు భాగాల అతుకు, ఇన్‌టేక్ రబ్బరు, ఈ నాలుగు చోట్లా బుడగలు కనిపిస్తాయి. క్లచ్ వైపు సీలు లీకైతే బుడగ బయటికి రాదు, గేర్‌బాక్స్ ఊపిరి గొట్టం దగ్గర సబ్బు రాస్తే తెలుస్తుంది. లీకులోంచి చొరబడే అదనపు గాలి మిశ్రమాన్ని పలచన చేస్తుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది, లేదా నెత్తిన రంధ్రం పడుతుంది.

ఈ కవరు మెగ్నీషియమా, అల్యూమినియమా? తేడా ఎలా తెలుస్తుంది?

రంగు గోకిన చోట ఒక్క చుక్క వెనిగర్ వేయండి. మెగ్నీషియమైతే సన్నని బుడగలు పైకి లేస్తాయి, అల్యూమినియమైతే కదలిక ఉండదు. వెంటనే కడిగేయండి. తెలుసుకోవడం ఎందుకంటే, ఆమ్లంతో కడిగితే మెగ్నీషియం కరిగిపోతుంది, కాస్టిక్ సోడాతో కడిగితే అల్యూమినియం కరిగిపోతుంది. మెగ్నీషియాన్ని గ్రైండ్ చేసిన పొడి అంటుకుంటే నీళ్లు పోయొద్దు, మంట ఇంకా పెరుగుతుంది. పొడి ఇసుకతో కప్పండి.

## కార్బురేటర్, ఇగ్నిషన్

పాత కార్బురేటర్ శుభ్రం చేశాను, అయినా ఇంజిన్ నిలకడగా తిరగడం లేదు. ఎందుకు?

రెండు కారణాలు చూడండి. ఒకటి, పైలట్ జెట్ (థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నప్పుడు పెట్రోల్ అందించేది) దారి. కంటికి శుభ్రంగా కనిపించినా బాడీలో ఉన్న సన్నని రంధ్రాలు ఎండిన పెట్రోల్ జిగురుతో మూసుకుపోయి ఉంటాయి. అల్ట్రాసోనిక్ తొట్టిలో పెట్టి, తర్వాత ఒక్కో దారిలోంచి స్ప్రే చేసి, అవతలి వైపు ధార రావడం కళ్లారా చూడాలి. ఇనుప తీగ దూర్చొద్దు, జెట్ రంధ్రం పెద్దదవుతుంది. రెండు, స్లైడు (థ్రాటిల్ తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క) అరుగు. స్లైడు చేత్తో కదిపితే గలగలలాడుతుంటే పక్కల నుంచి గాలి పోతుంది, ఏ జెట్టూ దాన్ని సరిచేయలేదు. మికునీ వీఎమ్ రకానికి జెట్లు, సూదులు ఇప్పటికీ దొరుకుతాయి. బింగ్, జికోవ్ కార్బురేటర్లలో అరిగిన బాడీకి బదులు అదే సైజు మికునీ వేసి నడిపేవాళ్లు చాలామంది. అప్పుడు ఒరిజినల్‌ను భద్రంగా దాచండి, బండితోపాటే అది ఉండాలి.

చల్లగా ఉన్నప్పుడు స్టార్టవుతుంది, వేడెక్కగానే ఆగిపోతుంది. కాయిలా?

చాలావరకు అదే. వేడికి తీగ చుట్టు లోపల విడిపోయి, చల్లబడగానే మళ్లీ అతుక్కుంటుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు మీటర్‌తో చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. హెయిర్ డ్రయర్‌తో స్టేటర్‌ను (ఫ్లైవీల్ లోపల కదలకుండా ఉండే కాయిళ్ల పళ్లేన్ని) వేడి చేస్తూ కొలవండి, అంకె ఎగిరిపోతే దొరికినట్టే. 1970ల యూరప్ బళ్లలో ఎక్కువగా కనిపించే మోటోప్లాట్ యూనిట్లకు ఇది పాత జబ్బు. వాటి చుట్లను రెజిన్‌తో నింపేశారు కాబట్టి తిరిగి చుట్టడం కష్టం, ఆ పని చేసేవాళ్లు తక్కువ. నడిపే బండికి పీవీఎల్ లాంటి కొత్త ఇగ్నిషన్ పెట్టడమే మంచిది. పాయింట్లున్న (తెరుచుకుంటూ మూసుకుంటూ నిప్పురవ్వ పుట్టించే పాత రకం స్విచ్ ఉన్న) బండి అయితే ముందు కండెన్సర్ మార్చి, పాయింట్ల సందు 0.35 మి.మీ.కు పెట్టి చూడండి.

## ఫ్రేమ్, సస్పెన్షన్, చక్రాలు

ఫ్రేములో పగుళ్లు ఎక్కడెక్కడ వెతకాలి?

స్టీరింగ్ తల అడుగు భాగం, స్వింగార్మ్ ఇరుసు చుట్టూ, ఫుట్‌పెగ్ బ్రాకెట్లు, ఇంజిన్ కింది మౌంట్లు, షాక్ పై మౌంట్లు. పెయింట్ తీశాక, పగుళ్లలోకి చొచ్చే ఎర్ర రంగు పరీక్ష ద్రవం రాస్తే వెంట్రుకంత పగులు కూడా ఎర్రగా బయటపడుతుంది. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు) గొట్టానికి టిగ్ వెల్డింగ్ చేసి గాలికే చల్లారనివ్వాలి. నీళ్లు పోస్తే అతుకు పక్కన పెళుసవుతుంది. ఇత్తడితో అతికిన ఫ్రేముల మీద నేరుగా టిగ్ చేయొద్దు, ఇత్తడి ఉక్కులోకి చొరబడి కొత్త పగుళ్లు తెస్తుంది.

పౌడర్ కోటింగా, పెయింటా?

రేసు బండికి పౌడర్ గట్టిగా నిలుస్తుంది. ఒరిజినల్‌గా చూపించాలనుకునే బండికి పెయింటే. పౌడర్ మందంగా పడి వెల్డింగ్ గీతల వాలును, ఫ్రేమ్ నంబరును పూడ్చేస్తుంది, రేపు వచ్చే పగులునూ దాస్తుంది. ఏది చేయించినా నంబరు మీద టేపు అంటించాలి, బేరింగు గూళ్లు, మరలు మూయాలి. బ్లాస్టింగ్ ఇసుక గొట్టాల్లో మిగిలితే చివరకు బేరింగుల్లోకే చేరుతుంది.

పాత బోల్టులకు జింక్ ప్లేటింగ్ చేయిస్తే విరుగుతాయంటారు, నిజమా?

గట్టి బోల్టుల విషయంలో నిజమే. ఆమ్లంలో శుభ్రం చేసేటప్పుడు, ప్లేటింగ్‌లో హైడ్రోజన్ ఉక్కులోకి దిగుతుంది. తల మీద 10.9 లేదా అంతకంటే ఎక్కువ గుర్తున్న బోల్టులను ప్లేటింగ్ అయిన కొన్ని గంటల్లోపు 190 నుంచి 200 డిగ్రీల దగ్గర కనీసం నాలుగు గంటలు ఓవెన్‌లో ఉంచమని అడగండి. ఇరుసులు, బ్రేక్ బోల్టుల విషయంలో అనుమానముంటే కొత్తవే వేయండి.

ఫోర్క్ గొట్టాల మీద తుప్పు గుంటలు పడ్డాయి. పారేయాలా?

సీలు నడిచే భాగంలో గుంట ఉంటే కొత్త సీలు కూడా వారంలో కారుతుంది. గొట్టం నిటారుగా ఉంటే హార్డ్ క్రోమ్ చేయించి, గ్రైండ్ చేయిస్తే సరిపోతుంది. వీ-బ్లాకుల మీద తిప్పి 0.2 మి.మీ. కంటే ఎక్కువ వంపుంటే ముందు సరిచేయించాలి. క్లాంపుల లోపల ఉండే భాగంలోని గుంటలతో నష్టం లేదు.

పాత గ్యాస్ షాక్ అబ్జార్బర్ ఇంట్లో విప్పొచ్చా?

లోపల నైట్రోజన్ పీడనం ఉండే రకాన్ని విప్పొద్దు. మూత తుపాకీ గుండులా ఎగురుతుంది. పీడనం వదిలించే సాధనాలున్న షాపుకే ఇవ్వండి.

చక్రాలు విప్పి స్పోకులు మార్చాలి. ఏం కొలుచుకోవాలి?

విప్పకముందే హబ్ అంచు నుంచి రిమ్ అంచు దాకా ఎడమ, కుడి దూరాలు రెండూ రాసుకోండి. శంకు ఆకారపు హబ్బుల్లో రిమ్ము మధ్యలో ఉండదు, ఈ అంకె పోతే తల ప్రాణం తోకకొస్తుంది. ఒక్కో రకం స్పోకు ఒక్కటైనా నిలిపి ఉంచండి. మెడ లోపలి వంపు నుంచి కొస దాకా పొడవు, మందం, మెడ కోణం చెబితే అచ్చం అలాంటివి చేసిస్తారు. రిమ్ము మార్చినా రంధ్రాలు ఆ హబ్బు కోణానికే తొలిచి ఉండాలి. డ్రమ్ము గుండ్రంగా లేకపోతే స్పోకులు బిగించాకే లేత్ మీద పెట్టాలి, ఎందుకంటే స్పోకుల బిగువుకు డ్రమ్ము కాస్త వంగుతుంది.

పాత బ్రేక్ షూల దుమ్ము గాలితో ఊదేయొచ్చా?

ఊదొద్దు. ఆ కాలపు షూలలో, ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. మాస్కు పెట్టుకుని, తడిపి తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. షూలకు ఆస్బెస్టాస్ లేని కొత్త లైనింగ్ అతికించవచ్చు.

## ట్యాంకు, ప్లాస్టిక్, ఎగ్జాస్ట్

ట్యాంకు లోపల తుప్పు ఎలా తీయాలి?

ముందు అది దేనితో చేసిందో చూడాలి. ఉక్కు ట్యాంకుకు విద్యుత్ పద్ధతి బాగా పనిచేస్తుంది. పెట్రోల్ వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, లీటరు నీటికి 15 గ్రాముల చొప్పున వాషింగ్ సోడా కలిపి నింపండి. 12 వోల్టుల చార్జర్ నెగటివ్ ట్యాంకుకు, పాజిటివ్ లోపల వేలాడే మామూలు ఉక్కు కడ్డీకి ఇవ్వండి. కడ్డీ ట్యాంకుకు ఎక్కడా తగలకూడదు. స్టెయిన్‌లెస్ కడ్డీ వాడొద్దు, విషపూరిత క్రోమియం నీటిలోకి దిగుతుంది. హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి.

1973 ఎల్సినోర్ లాంటి అల్యూమినియం ట్యాంకులకు ఈ పద్ధతి పనికిరాదు. వాటిలో గుంటలు, అతుకు పగుళ్లే సమస్య, వాటికి టిగ్ వెల్డింగే దారి. స్పెయిన్ బళ్లలో కనిపించే ఫైబర్‌గ్లాస్ ట్యాంకులకు ఇథనాల్ కలిసిన పెట్రోల్ శత్రువు. పాత రెజిన్‌ను మెత్తబరిచి జిగురులా కరిగిస్తుంది, అది కార్బురేటర్‌లోకి, పిస్టన్ మీదికి చేరుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే ఎపాక్సీ లైనరు వేయించి, ఇథనాల్ లేని పెట్రోలే పోయండి.

వెలిసిపోయిన ఒరిజినల్ మడ్‌గార్డులకు మెరుపు వస్తుందా?

చాలావరకు వస్తుంది. బ్లేడును నిటారుగా పట్టి పైపొర గీరి తీయండి. తర్వాత నీటి కాగితంతో (తడిపి రుద్దే ఉప్పు కాగితం) 220, 400, 800, 1500 నంబర్ల వరుసలో రుద్ది, మెత్తని చక్రంతో పాలిష్ చేయండి. వంగిన చోట తెల్లబడ్డ గీతలు హీట్ గన్‌తో నెమ్మదిగా వేడి చేస్తే మాయమవుతాయి. ఒకేచోట ఆపితే కరుగుతుంది. పెయింట్ వేయొద్దు, ఈ ప్లాస్టిక్ మీద నిలవదు.

ప్లాస్టిక్ ట్యాంకు మీద స్టిక్కర్లు బుడగలు లేస్తున్నాయి. ఎందుకు?

పెట్రోల్ ఆవిరి ప్లాస్టిక్ గోడలోంచి మెల్లగా బయటికి వస్తుంది. ట్యాంకును కొన్ని రోజులు ఖాళీగా ఆరనిచ్చి, సన్నని రంధ్రాలున్న రకం స్టిక్కర్ అంటించండి.

ఎక్స్‌పాన్షన్ చాంబర్ సొట్టలు, లోపలి మసి ఎలా తీయాలి?

మసికి కాస్టిక్ సోడా వాడండి. లీటరు నీటికి 100 గ్రాములు, ఎప్పుడూ నీళ్లలోకే సోడా వేయాలి, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. సైలెన్సర్ అల్యూమినియమైతే ముందే ఊడదీయండి. లోతైన సొట్టకు అతుకు దగ్గర కోసి, లోపలి నుంచి తట్టి, మళ్లీ వెల్డ్ చేయడమే శుభ్రమైన పద్ధతి. ఆకారం మారితే ఇంజిన్ లాగే తీరూ మారుతుంది.

## మొదటి స్టార్ట్, నిల్వ

ఆయిల్ ఎంత కలపాలి?

పాత మాన్యువల్ 20:1 అంటుంది, అది అప్పటి ఆయిల్‌కు. ఇప్పటి మంచి టూ స్ట్రోక్ ఆయిల్‌తో 32:1, అంటే లీటరుకు 31 మి.లీ., చాలామంది వాడే పాళ్లు. 20:1 అయితే 50 మి.లీ. పాళ్లు మార్చితే జెట్టింగ్ (కార్బురేటర్ జెట్ల సైజులు) మళ్లీ చూసుకోవాలి. ఆయిల్ పెరిగితే అదే జెట్‌లోంచి వచ్చే పెట్రోల్ తగ్గి మిశ్రమం పలచనవుతుంది.

మొదటిసారి స్టార్ట్ చేశాక ఎంతసేపు నడపాలి?

మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెద్దది పెట్టి మొదలుపెట్టండి. స్టార్ట్ చేసి, సిలిండర్ రెక్కలు చేయి పెట్టలేనంత వేడెక్కగానే ఆపేయండి. పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా మూడుసార్లు చేసి, చల్లగా ఉన్నప్పుడు హెడ్డు నట్లు మాన్యువల్ టార్క్‌కు మళ్లీ బిగించండి. తర్వాత అర థ్రాటిల్ దాటకుండా మెత్తని నేల మీద నడపండి. ప్లగ్గు పింగాణీ తెల్లగా కనిపిస్తే వెంటనే ఆపి, గాలి లీకు వెతకండి.

నెలల తరబడి నడపకుండా ఉంచాలి. ఎలా?

ట్యాంకు, కార్బురేటర్ గిన్నె రెండూ ఖాళీ చేయండి. ప్లగ్గు తీసి రెండు చెంచాల టూ స్ట్రోక్ ఆయిల్ పోసి కిక్కు నెమ్మదిగా తిప్పండి. సైలెన్సర్ మూతికి, ఫిల్టర్ పెట్టెకు గుడ్డ కుక్కి, అది మరిచిపోకుండా హ్యాండిల్‌కు చీటీ కట్టండి. ఫిల్టర్ స్పాంజి తీసి విడిగా ఉంచండి, బండిలోనే వదిలేస్తే పొడిపొడిగా రాలి ఇన్‌టేక్‌లో పడుతుంది. టైర్లు నేలకు తగలకుండా స్టాండ్ మీద నిలబెట్టండి.